ఆదివారం తెల్లవారుజామున గెడ్డ నీరు: నాగావళి ఒడ్డున ఒక కేస్ స్టడీ

ఆ ఫోన్ ఏప్రిల్ నెలలో ఒక సోమవారం పొద్దున ఏడింటికి వచ్చింది. "బాబూ, గెడ్డ మొగలో సేపలన్నీ తేలిపోనాయి. ఎవులో మందెట్టీసినారు. ఓపాలొచ్చి సూసెల్లండి" అన్నాడు ఏటి ఒడ్డు ఊరి పెద్దాయన. గెడ్డ అంటే మా వైపు వాగు, మొగ అంటే అది ఏటిలో కలిసే చోటు. అంతకు ముందు వాళ్ల ఊటబావి నీళ్లు పరీక్షించడానికి వెళ్లినప్పుడు ఆయన్ని చూశాను. నీటి పరీక్షలు, మురుగునీటి శుద్ధి నా వృత్తి. శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ఈ కేసులో మేం మొదట చేసిన తప్పు చాలా చోట్ల ఇంకా జరుగుతూనే ఉంది. అందుకే దీన్ని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. పట్నం పేరు రాయను. పరీక్షల నివేదిక దాన్ని అడిగిన పంచాయతీది కాబట్టి అందులోని అంకెలూ ఇక్కడ పెట్టను. కళ్లారా చూసింది, లెక్క కట్టి తేల్చుకున్నది మాత్రం చెబుతాను.

నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించి, శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తోటపల్లి బరాజు, నారాయణపురం ఆనకట్ట దాటి కిందికి వచ్చేసరికి వేసవిలో ఏరు సన్నబడిపోతుంది. వానాకాలంలో ఒడ్డులు ఒరుసుకుని పారే ఏరే ఏప్రిల్, మే నెలల్లో ఇసుకలో పాయలు పాయలుగా చీలి, ఒక ఒడ్డును పట్టుకుని నడుస్తుంది. మా కథ జరిగిన పట్నం ఆ ఒడ్డునే ఉంది. ఊరి మధ్య నుంచి ఒక గెడ్డ వచ్చి ఏటిలో కలుస్తుంది. గెడ్డ పక్కన కల్వర్టుకు ఆనుకుని మేకలు, గొర్రెలు కోసే కబేళా. గెడ్డ మొగకు కాస్త దిగువన ఏటి ఇసుకలో పక్క ఊరికి తాగునీరిచ్చే ఊటబావి. అదే ఇసుకలో ఆడవాళ్లు చెలమలు తవ్వి బట్టలకూ పశువులకూ నీళ్లు తోడుకుంటారు.

నేను వెళ్లేసరికి పది దాటింది. మొగలో చచ్చిన చేపలు గుర్రపుడెక్క అంచుకు కొట్టుకొచ్చి ఉన్నాయి. మందు పెట్టారన్న మాట మీద నాకు అక్కడే అనుమానం వచ్చింది. పురుగుమందు నీళ్లలో పడితే ముందు రొయ్యలు, నీటి పురుగులు పోతాయి. ఇక్కడ ఒడ్డు బురదలో ఎర్రపురుగులు గుత్తులు గుత్తులుగా కదులుతున్నాయి. నీళ్లలో ఊపిరి ఆడక చచ్చేటప్పుడు పెద్ద చేప ముందు పోతుంది, అదీ తెల్లవారే ముందు పోతుంది. గాలి పీల్చుకోగలిగిన కొర్రమీను, మార్పు చేపలు మాత్రం బతికి బయటపడతాయి. తేలినవాటిని కర్రతో ఒక్కొక్కటే తిప్పి చూశాం. కొర్రమీను ఒక్కటీ లేదు. "సీకటుండగా వొచ్చినాను బాబూ, అన్నీ పైకొచ్చి నోరు తెరిసీసి ఉన్నాయి" అన్నాడు పెద్దాయన. నాకు కావలసిన సాక్ష్యం ఆ మాటలోనే ఉంది. అయినా ఆ రోజు దాని విలువ పూర్తిగా గ్రహించలేదు.

ఎందుకంటే అక్కడే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పరీక్షిస్తే బాగానే వచ్చింది. పది గంటల ఎండలో నాచు ఆక్సిజన్ తయారుచేస్తూ ఉంటుంది. ఆ వేళకు తీసిన నమూనా తెల్లవారుజామున జరిగిన సంగతి చెప్పదు. ఈ విషయం పాఠంగా నాకు తెలుసు, కానీ ఆ రోజు మీటరులో అంకెనే నమ్మాను.

రెండో తప్పు గురువారం జరిగింది. ముందే కబురు పెట్టి, గెడ్డ నీళ్లు పట్టుకోవడానికి కబేళా దగ్గరికి వెళ్లాం. గచ్చు కడిగి శుభ్రంగా ఉంది, కాలువలో పలచటి నీళ్లు పారుతున్నాయి. బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. ఆ నమూనాకు ల్యాబులో వచ్చిన బీఓడీ, మామూలు ఇళ్ల మురుగు కన్నా తక్కువ. బీఓడీ అంటే నీళ్లలోని మలినాన్ని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్ లెక్క. మన దేశంలో సీసాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తారు. క్లోరిన్ కలిసిన నీళ్లలో ఆ సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. తినేవాడు లేకపోతే తిండి లేనట్టు లెక్క వస్తుంది. నమూనాలో మిగిలిన క్లోరిన్‌ను సోడియం సల్ఫైట్‌తో విరిచి, బయటి నుంచి సూక్ష్మజీవులను కలిపి మళ్లీ పరీక్ష పెట్టాలి. ఆ సీసా విషయంలో అది జరగలేదు. నివేదికలో "చెప్పుకోదగ్గ కాలుష్యం కనిపించలేదు" అని రాసి సంతకం పెట్టేదాకా వచ్చాను. ఆ సంతకం పడి ఉంటే ఆ ఊరికి ఎంత అన్యాయం జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆపింది కల్వర్టు దగ్గర టీ దుకాణం నడిపే అప్ప. మా సీసాలు చూసి, "లచ్చివారం వొస్తే ఏటి కనిపిస్తాది బాబూ? ఆదోరం తెల్లారగట్ల రండి. గెడ్డ ఎర్రగా పారతాది" అంది.

మన ఇళ్లలో వేటమాంసం ఆదివారం వండుకుంటారు. వారమంతా రోజుకు నాలుగైదు జీవాలు కోసే చోట ఆదివారం తెల్లవారే లోపు నలభై దాకా వరసగా కోస్తారు. వారంలోని పనిలో సగానికి పైగా రెండు మూడు గంటల్లో, చీకటి ఉండగానే అయిపోతుంది. నీటి పరీక్షలు చేసేవాళ్లందరూ ఆఫీసు వేళల్లో వెళతారు, ఆదివారం వెళ్లరు. ఏరు చచ్చేదేమో ఆదివారం.

ఆ ఆదివారం తెల్లవారుజామున మూడు గంటలకు వెళ్లాం. నమూనా తీసే చోట్లు ఈసారి జాగ్రత్తగా ఎంచుకున్నాం. కబేళాకు ఎగువన గెడ్డలో ఒకటి, కల్వర్టు దిగిన వెంటనే ఒకటి, మొగలో ఒకటి. ఏటిలో మొగకు పైన ఒకటి, కింద ఒడ్డు వెంబడే రెండు. మరొకటి ఊటబావి దగ్గర. ఒడ్డు వెంబడి అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. గెడ్డ నీరు ఏటిలో పడగానే నది అంతటా కలిసిపోదు. ఒడ్డును కరుచుకుని చాలా దూరం ఒక చారలాగా నడుస్తుంది. వంతెన మీద నిలబడి నడిమధ్యలోకి బిందె దింపితే ఎప్పుడూ మంచి నీరే వస్తుంది. మనుషులు దిగేది, బట్టలు ఉతికేది, చెలమ తవ్వేది ఒడ్డున.

నాలుగు దాటాక మొదటి ఎర్రనీరు వచ్చింది. బల్బు వెలుతురులో లోపల పని కనిపిస్తోంది. గచ్చు మీదే కోస్తున్నారు. నెత్తురు గచ్చు మీద పరుచుకుని, గొట్టపు నీళ్లతో కాలువలోకి, కాలువ నుంచి గెడ్డలోకి పోతోంది. కూరకు అడిగేవాళ్ల కోసం కొంత నెత్తురు తపేలాల్లో పట్టి పక్కన పెడుతున్నారు. అమ్ముడుపోనిది కూడా ఆ కాలువలోకే. కడుపులు చీల్చి, అరగని మేత విదిలించి, బోటీ కడిగిన పచ్చటి నీళ్లూ అక్కడికే. నీటి మీద కొవ్వు తెట్టు తేలుతోంది.

కల్వర్టు కింద పట్టిన సీసా నాకు ఇప్పటికీ గుర్తుంది. కరిగిన ఆక్సిజన్‌కు మీటరు ఉన్నా, నేను పాత వింక్లర్ పద్ధతినీ వదలను. గాజు బిరడా ఉన్న 300 మిల్లీలీటర్ల సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేట్, తర్వాత క్షారం కలిసిన అయోడైడ్ పిప్పెట్‌తో అడుగుకు వదిలి, బిరడా పెట్టి తలకిందులు చేస్తాం. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే టీ డికాషన్ రంగులో మడ్డి దిగుతుంది. ఎంత ముదురు గోధుమైతే అంత ఊపిరి ఉన్నట్టు. కబేళా ఎగువన పట్టిన సీసాలో లేత గోధుమ వచ్చింది. అది ఇళ్ల మురుగు కలిసిన గెడ్డ, అంతకంటే ఎక్కువ ఆశించలేం. కల్వర్టు కింద సీసాను టార్చి వెలుగులో పట్టి చూశాం. విరిగిన పాలలాగా తెల్లగా మడ్డి దిగింది. రెండో సీసా పట్టాం, అదీ తెల్లనే. ఆ నీళ్లలో ఆక్సిజన్ చుక్క కూడా లేదు. మా వెంట వచ్చిన పెద్దాయన రెండు సీసాలనూ చెరో చేత పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు.

సోమవారం తెల్లవారుజామున మొగలో మళ్లీ పరీక్షించాం. అక్కడి సీసాలోనూ తెల్ల మడ్డే దిగింది. ఆదివారం పడిన నెత్తురును సూక్ష్మజీవులు తినడానికి పగలంతా, రాత్రంతా పట్టింది. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ వాడుకునేదే తప్ప ఇచ్చేది కాదు. ఈ రెండూ కలిసి సోమవారం వేకువకు మొగలో నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అడుగంటిపోయింది. చేపలు సోమవారాలే ఎందుకు తేలుతున్నాయో ఆ సీసాతో తేలిపోయింది.

ఒక అభ్యంతరానికి ఇక్కడ జవాబు చెప్పాలి. పట్నం మురుగంతా అదే గెడ్డలో పోతుంటే నలభై మేకల నెత్తురును తప్పుపట్టడం ఎందుకని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. లెక్క ఇలా ఉంటుంది. పచ్చి నెత్తురు బీఓడీ లీటరుకు లక్షన్నర నుంచి రెండు లక్షల మిల్లీగ్రాములు. ఇళ్ల మురుగుది 200 నుంచి 300. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీళ్లు లీటరుకు పట్టుకోగలిగే ఆక్సిజన్ 7.5 మిల్లీగ్రాములు. అంటే ఒక లీటరు నెత్తురు 20,000 లీటర్ల మంచినీళ్ల ఊపిరిని తినేస్తుంది. 5,000 లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లు నాలుగన్నమాట. ఇరవై కిలోల మేక ఒంట్లో లీటరున్నర దాకా నెత్తురు ఉంటుంది. కోసినప్పుడు అందులో సగం, కాస్త అటూఇటూగా కారుతుంది. నలభై మేకలంటే సుమారు 30 లీటర్లు. 30 లీటర్లకు ఆరు లక్షల లీటర్ల నీళ్లు కావాలి. ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు ఉన్న వేసవి కొలనులో ఉండేది సరిగ్గా అన్ని నీళ్లే. గెడ్డ మొగలో నిలిచిన నీరు ఇంచుమించు అంత ఉంటుంది. పైగా కడుపులోని మేత, కొవ్వు ఈ లెక్కలోకి రాలేదు. ఇళ్ల మురుగు రోజంతా కొద్దికొద్దిగా వస్తుంది, దారిలో కొంత ఇంకుతుంది, కొంత గాలి కలుపుకుంటుంది. నెత్తురు రెండు గంటల్లో ఒక్కుమ్మడిగా పడుతుంది. ఏరు రోజువారీ భారాన్ని ఎలాగో మోస్తుంది. ఒక్కసారిగా నెత్తిన పడ్డదాన్ని మోయలేక కూలబడుతుంది.

ఆక్సిజన్‌తోనే అయిపోదు. నెత్తురులో నీళ్లు పోగా మిగిలేది చాలావరకు మాంసకృత్తులే, కుళ్లితే అమ్మోనియా అవుతుంది. అమ్మోనియాలో చేపను చంపేది అయానుగా (విద్యుదావేశం ఉన్న కణంగా) మారని భాగం. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉంటే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8కి వెళితే ఏడు పైన, 9కి వెళితే నలభై దాటుతుంది. నాచు దట్టంగా పట్టిన నీటిలో ఎండెక్కే కొద్దీ పీహెచ్ పెరుగుతుంది. కాబట్టి వేకువన ఊపిరి ఆడక చావని చేపకు మిట్టమధ్యాహ్నం అమ్మోనియా గండం ఉంటుంది. మిగిలిన అమ్మోనియా నైట్రేట్‌గా మారేటప్పుడు, అందులోని ఒక్కో మిల్లీగ్రాము నత్రజనికి నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మళ్లీ ఖర్చు. గచ్చు కడిగే బ్లీచింగ్ కూడా ఈ అమ్మోనియాతో కలిసి క్లోరమీన్లు అవుతుంది. అవీ చేపలకు విషమే. బ్లీచింగ్ చల్లితే వాసన తగ్గుతుంది తప్ప నెత్తురు ఎక్కడికీ పోదు.

అరగని మేత గెడ్డ అడుగున పేరుకుని నల్లటి బురదైంది. వెదురు గెడ దించితే బుడగలు పైకి లేచి కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. ఊటబావి దగ్గర అసలు ఫిర్యాదు ఇంకోటి ఉంది. బట్టలకు, గిన్నెలకు తుప్పు మరక పడుతోందని ఆడవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఏటి అడుగున ఆక్సిజన్ లేకపోతే ఇసుకలోని ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లలోకి వస్తాయి. దాన్నీ మొగకూ ముడిపెట్టాలని మాకు అప్పటిదాకా తట్టలేదు.

చట్టం గురించి ఒక మాట. 1986 పర్యావరణ నిబంధనల షెడ్యూల్‌లో మొదట రాసిన ప్రకారం, రోజుకు 70 టన్నుల బరువున్న జీవాలకు మించి కోసే కబేళా వదిలే నీళ్ల బీఓడీ లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని ఉండేది. అంతకు లోపలైతే 500 దాకా వదలవచ్చని ఉండేది. నలభై మేకలంటే ఒక టన్ను కూడా కాదు. ఏటిలో స్నానం చేసే నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన బీఓడీ హద్దేమో 3, కరిగిన ఆక్సిజన్ 5కి తగ్గకూడదు. చిన్న కబేళా కదా అని వదిలేసిన ఆ 500, ఏప్రిల్‌లో నీళ్లు పారని గెడ్డకు ఏ విధంగానూ సరిపోదని నా అభిప్రాయం. చిన్నదా పెద్దదా అన్నది కబేళాను చూసి కాదు, అది కలిసే నీళ్లను చూసి తేల్చాలి.

పరిష్కారం గురించి మొదటి సమావేశంలో శుద్ధి ప్లాంటు మాటే వచ్చింది. డబ్బు వచ్చినప్పుడు చూద్దామన్నారు. నేను అడిగింది ఒక్కటే: నెత్తురు నీళ్లను తాకకుండా చూద్దాం. నీళ్లలో కలిశాక దాన్ని బయటికి తీయడానికి లక్షలు కావాలి. కలవక ముందు పట్టడానికి ఒక తొట్టి, కొక్కేలు ఉన్న ఒక ఇనుప దూలం చాలు. జీవాన్ని వేలాడదీసి కోస్తే నెత్తురు కింద తొట్టిలో పడుతుంది.

పనిచేసేవాళ్లను ఒప్పించడం కష్టమవుతుందనుకున్నాను. అక్కడే నా అంచనా తప్పింది. వాళ్లలో పెద్దవాడు, యాభై దాటిన మనిషి, కాళ్లు చూపించాడు. వేళ్ల సందులు పాసిపోయి తెల్లగా పగిలి ఉన్నాయి. "సార్, ఈ నీల్లలో ముప్పై ఏల్లు నిలబడినాను. గచ్చు ఆరుంటే మాకే మంచిది కదా" అన్నాడు. అంతకు ముందు ఏ అధికారీ ఆయన్ని ఏమీ అడగలేదట. తొట్టి ఏ ఎత్తున ఉంటే చేతికి అందుతుందో, వాలు ఎటు ఉండాలో చెప్పింది ఆయనే. మా డ్రాయింగు కన్నా ఆయన సుద్దముక్కతో గచ్చు మీద గీసిన గీత సరిగ్గా కుదిరింది.

కడుపులోని మేతను నీళ్లతో కడగకుండా పొడిగా గమేళాల్లోకి దులపడం, కడిగే ముందు గచ్చును రబ్బరు వైపర్‌తో లాగడం రెండో మార్పు. నీటి వాడకం కూడా దీంతో కళ్లకు కనిపించేంత తగ్గింది. కాలువకు జాలీ, దాని తర్వాత కొవ్వు తొట్టి కట్టాం. ఆ పైన అడ్డుగోడలున్న మూత ట్యాంకు, మెట్టతామర నాటిన కంకర మడి కట్టాలని ప్రతిపాదించాం. ట్యాంకు అయింది. కంకర మడి సగంలో ఆగింది.

పట్టిన నెత్తురు ఏం చేయాలన్నది మొదటి నెలంతా మమ్మల్ని ఏడిపించింది. మొదటి వారం డ్రమ్ములో నిలవపెడితే రెండో రోజుకే కంపు పట్టి, కుక్కలు చేరి, పక్క వీధి వాళ్లు గొడవకు వచ్చారు. వాళ్ల కోపం న్యాయమైనదే. ఎండబెట్టిన నెత్తురులో నూటికి పన్నెండు పాళ్ల దాకా నత్రజని ఉంటుంది. అంత బలమైన ఎరువు ఒంటరిగా కుళ్లితే కంపే. దానికి కర్బనం తోడు కావాలి. మన వైపు రైసుమిల్లుల ఊకకు కొదవ లేదు. గొయ్యి తవ్వి ఒక వరస ఊక, రంపపు పొట్టు, ఒక వరస కడుపులోని మేత, దాని మీద ఆ రోజు నెత్తురు పోసి, మళ్లీ ఊకతో పూర్తిగా కప్పడం మొదలెట్టాం. కప్పు మందంగా ఉన్నంతకాలం ఈగ కూడా వాలలేదు. కప్పడం మరిచిన రోజున మాత్రం వెంటనే తెలిసిపోయేది. ఆ ఎరువును ఇప్పుడు కొబ్బరి, కూరగాయల రైతులు తీసుకెళుతున్నారు.

మార్పు నిజంగా దీనివల్లే వచ్చిందా, వాన నీళ్ల వల్లా అన్నది తేల్చుకోవడానికి కార్తీకం సాయపడింది. కార్తీక మాసంలో చాలా ఇళ్లలో మాంసం మానేస్తారు, కోత పడిపోతుంది. ఆ నెలలో గెడ్డ ఎలా ఉంటుందో అదే మాకు కొలబద్ద. కార్తీకంలో ఆదివారం వేకువన కల్వర్టు కింద సీసాలో లేత గోధుమ మడ్డి దిగింది, ఎగువ సీసాకు జోడీలాగా. కార్తీకం వెళ్లి కోతలు మళ్లీ పుంజుకున్నాక, తొట్టి వాడుతున్న ఆదివారం పట్టిన సీసాలోనూ గోధుమే, కాస్త పలచనగా. కనుమ, ముక్కనుమ రోజుల్లో తొట్టి నిండి పొర్లింది. ఆ రెండు వేకువలూ మళ్లీ తెల్ల మడ్డే. పండగ రోజులకు అదనంగా రెండు డ్రమ్ములు, ఇద్దరు మనుషులు ఉండాలని దాని తర్వాతే రాసుకున్నాం.

మరుసటి వేసవిలో మొగలో చేపలు తేలలేదు. అడుగు బురద మాత్రం వరద వచ్చి కొట్టుకుపోయేదాకా బుడగలు వదులుతూనే ఉంది. ఊటబావి నీళ్లలో తుప్పు మరక తగ్గింది కానీ పోలేదు. కొవ్వు తొట్టిని వానాకాలంలో రెండు నెలలు ఎవరూ తీయకపోవడంతో కొవ్వు గడ్డకట్టి, దాటుకుని ట్యాంకులోకి దిగింది. దాన్ని తోడడానికి మూడు రోజులు పట్టింది. వారానికి ఒకరోజు, ఒక మనిషి, పేరుతో సహా రాసి గోడకు అంటించాక గానీ ఆ పని సరిగ్గా జరగలేదు.

చేతికి అందనిది చికెన్ షాపుల సంగతి. గెడ్డ పొడవునా అవి ఉన్నాయి. ఒక్కోదాంట్లో నీలం డ్రమ్ము, పక్కన వేడినీళ్ల తపేలా. ఈకలు, పేగులు, నెత్తురునీళ్లు రాత్రికి గెడ్డలోకే. ఒక్కో దుకాణం ఏ లెక్కలోకీ రానంత చిన్నది. అన్నీ కలిపితే కబేళాకు తక్కువేం కాదు. ఎగువ సీసాలో మడ్డి రంగు ఏడాదికేడాది పలచబడుతోంది. వచ్చే ఆదివారం మూడు గంటలకు కొత్త చోట్లతో మళ్లీ మొదలుపెడుతున్నాం, బస్టాండు వెనక చికెన్ షాపుల వరస నుంచి. టీ దుకాణం అప్ప ఫ్లాస్కు నింపి ఉంచుతానంది.